తాలు ఎవరిది? తరుగు ఎవరికి?

2022 ఏప్రిల్ 12. గుజరాత్‌లో ఒక సభ. ప్రధానమంత్రి వీడియోలో దర్శనమిచ్చారు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఊఁ అంటే చాలు, రేపటి నుంచే లోకానికి తిండి పెట్టడానికి మేం సిద్ధం అని అమెరికా అధ్యక్షుడికి చెప్పానని సెలవిచ్చారు. చప్పట్లు.

మే 12. కేంద్ర వాణిజ్య శాఖ ప్రకటన. గోధుమల ఎగుమతిని ఇంకా పెంచడానికి మొరాకో, ట్యునీషియా, ఇండోనేషియా వగైరా 9 దేశాలకు బృందాలను పంపుతున్నాం. మళ్లీ చప్పట్లు.

మే 13. అదే శాఖ. గోధుమల ఎగుమతిపై నిషేధం.

ఏమండీ, ఒక్క రాత్రిలో ఏం జరిగింది? గోదాముల మీద ఏనుగులు పడ్డాయా? ఏమీ జరగలేదు. జరగాల్సింది మార్చిలోనే జరిగిపోయింది. వాతావరణ శాఖ 1901 నుంచి రాస్తున్న చిట్టాలో అప్పటిదాకా అంత వేడి మార్చి లేదు. పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లలో గోధుమ సరిగ్గా అప్పుడే పాలు పోసుకుని గింజ కడుతోంది. ఎండ కొట్టింది. పాలు గట్టిపడక ముందే పైరు పండిపోయింది. గింజ వడిలింది. అంటే, లోకానికి పెడతామన్న తిండి చప్పట్లు మోగేనాటికే చేలో మాడిపోయి ఉంది. కంకిని అరచేతిలో నలిపి చూసిన ప్రతి రైతుకూ ఆ సంగతి తెలుసు. ఢిల్లీకి తెలియలేదు. అక్కడ కంకులుండవు. ఫైళ్లుంటాయి.

ముందు 11 కోట్ల 13 లక్షల టన్నులు పండుతుందన్నారు. తర్వాత పదిన్నర కోట్లకు దించారు. అంతకు ముందటి ఏడాది ప్రభుత్వం కొన్నది 433 లక్షల టన్నులు. ఆ ఏడు 188 లక్షల టన్నులు. ఉక్రెయిన్ యుద్ధం ధర పెంచింది, వ్యాపారి ఎక్కువిచ్చి కొనుక్కుపోయాడు, అదీ నిజమే. కానీ యుద్ధం గింజను ముడుచుకుపోయేలా చేయదు కదా! ముడుచుకుపోయిన గోధుమ నూటికి 6 దాటితే కొనం అనే ప్రభుత్వమే పంజాబ్, హర్యానాల్లో 18 దాకా పరవాలేదని నిబంధన సడలించింది. ఎండ ఏం చేసిందో సర్కారు తన చేత్తో తానే రాసిచ్చిన వాంగ్మూలం అది. ఆ మే నెలలోనే కొన్ని రాష్ట్రాల ఉచిత రేషన్‌లో గోధుమ తీసేసి బియ్యం పెట్టారు. లోకానికి పెట్టే సంగతి దేవుడెరుగు, ఇంట్లో రొట్టె మాయమైంది.

ఇంతకీ 2022 అంటే ఏ ఏడాదో గుర్తుందా? 2016లో బరేలీ సభలో రైతు ఆదాయం రెట్టింపు చేస్తామని గడువు పెట్టుకున్న ఏడాది. రెట్టింపయింది. ఆదాయం కాదు, వేడి.

గింజకు ప్రసంగం వినపడదు

వరి పూత పొద్దున పది, పదకొండు గంటల వేళ విచ్చుకుంటుంది. అదే దాని ముహూర్తం. ఆ వేళ వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చుబడుతుంది. గంటసేపు తగిలినా చాలు. గింజ కట్టదు. కంకి నిటారుగా నిలబడి అందంగానే ఉంటుంది. లోపల మాత్రం ఉత్త పొల్లు. నిటారుగా నిలబడి లోపల ఏమీ లేనివాళ్లను మనం టీవీ చర్చల్లో రోజూ చూస్తూనే ఉన్నాం కాబట్టి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు.

పగలు సరే, రాత్రి? పగలు వండుకున్న తిండిని వరి రాత్రిపూట కొంత ఖర్చు పెడుతుంది. రాత్రి చల్లగా ఉంటే పొదుపు. వెచ్చగా ఉంటే దుబారా. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల్లోనే ఏళ్ల తరబడి కొలిచింది. రాత్రి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం పడిపోతోందని 2004లో చెప్పింది. రాత్రి ఉక్కపోస్తే మనం ఏసీ రిమోట్ నొక్కి 18కి దించుకుంటాం. ఆ మెషిన్ వెనక నుంచి వెచ్చటి గాలి ఎటు పోతుందో ఎప్పుడైనా ఆలోచించామా? ఎందుకులే, కిటికీ మూసే ఉందిగా!

2017లో శాస్త్రవేత్తలు నాలుగు రకాల పద్ధతుల్లో వచ్చిన ఫలితాలను ఒక్కచోట పేర్చి చూశారు. భూగోళం ఒక్క డిగ్రీ వేడెక్కితే మొక్కజొన్న 7.4 శాతం, గోధుమ 6 శాతం, వరి 3.2 శాతం తగ్గుతాయి. విదేశీ లెక్కలు నమ్మరా? అయితే స్వదేశీ లెక్క తీసుకోండి. ఏ మార్పూ చేసుకోకుండా ఇలాగే కూర్చుంటే వానాధార వరి 2050 నాటికి 20 శాతం, 2080 నాటికి 47 శాతం తగ్గుతుంది. గోధుమ 2050 నాటికి 19.3 శాతం, 2080 నాటికి 40 శాతం. చెప్పిందెవరు? ప్రతిపక్షమా? విదేశీ కుట్రదారులా? సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. చెప్పి, కూర్చుంది.

ఇంత చెబితే ఏలినవారి దగ్గర ఒక తారకమంత్రం ఉంటుంది. రికార్డు దిగుబడి! 2024-25లో దాదాపు 15 కోట్ల టన్నుల బియ్యం పండాయి, తగ్గింది ఎక్కడ అంటారు. పండాయి. కాదనలేదు. కొత్త విత్తనం పండించింది. కాలువ నీళ్లు పండించాయి. పాతాళం దాకా దించిన బోర్లు పండించాయి. రైతు నడ్డి పండించింది. ఇంత ఎరువు పోసి, ఇంత నీరు తోడి, ఇంత అప్పు చేసి పండించిన దాంట్లో ఎండ ఎంత మింగిందో ఆ రికార్డులో ఎక్కడుంది? పండిన బస్తా లెక్కలోకొస్తుంది. పండాల్సి ఉండీ పండని బస్తా ఎవరి లెక్కలో? రైతు అప్పు పత్రంలో. అక్కడ మాత్రం కచ్చితంగా ఉంటుంది, వడ్డీతో సహా.

నూకల రాజకీయం

ఇక మన వాకిట్లోకి వద్దాం. తెలంగాణ యాసంగి వరి ఏప్రిల్, మే ఎండల్లో కోతకొస్తుంది. చేలోనే గింజ ఎండి, లోపల సన్నగా చిట్లుతుంది. పచ్చి బియ్యంగా మర పట్టిస్తే బియ్యం బదులు నూక రాలుతుంది. వడ్లు నానబెట్టి ఆవిరి పట్టిస్తే ఆ చిట్లు అతుక్కుంటాయి. అందుకే యాసంగి వడ్లను ఉప్పుడు బియ్యం చేస్తారు. ఇందులో రాజకీయం లేదు. ఎండ ఉంది, గింజ ఉంది. ఇంతే.

ఇంతే అయితే మన నాయకులకు పనేముంటుంది?

2021లో కేంద్రం అంది: ఉప్పుడు బియ్యం ఇక కొనం. రాష్ట్రం అంది: ఇకపై ఇవ్వం, ఇదిగో రాతపూర్వకంగా. సంతకం పెట్టిన సిరా ఆరకముందే రాష్ట్రం మళ్లీ అంది: ఎందుకు కొనరు? ఈ మధ్యలో రైతుకు హుకుం: యాసంగిలో వరి వేయొద్దు. సిద్దిపేటలో కలెక్టరు గారు వరి విత్తనం అమ్మే దుకాణాల మీదే కన్నెర్ర చేశారు. గంజాయి విత్తనాలనుకున్నారో ఏమో! ముఖ్యమంత్రి ఇందిరా పార్కు దగ్గర కేంద్రం మీద ధర్నా. కేంద్రంలో ఉన్న పార్టీ రాష్ట్రం మీద ధర్నా. తెలంగాణ జనానికి నూకలు తినడం అలవాటు చేయండని కేంద్ర మంత్రి ఎకసెక్కమాడారని రాష్ట్ర మంత్రుల ఆరోపణ. 2022 ఏప్రిల్ 11న ముఖ్యమంత్రి ఢిల్లీకి వెళ్లి మరీ ధర్నా.

తేదీ గమనించారా? ఏప్రిల్ 11. మా వడ్లు కొనండి మహాప్రభో అని ఒక రాష్ట్రం ఢిల్లీలో ధర్నాకు కూర్చున్న మర్నాడే, లోకమంతటికీ తిండి పెడతామని అదే ఢిల్లీ అంటోంది. ఇంతకంటే పెద్ద హాస్య కథ రాయగల రచయిత ఎవరైనా ఉంటే చేతులెత్తి మొక్కుతాను.

ఇన్ని ధర్నాల్లో ఎవరైనా అడిగారా, గింజ ఎందుకు విరుగుతోందని? ఎండలు ఇంకా ముదిరితే ఏం చేద్దామని? వేడికి చిట్లని రకాలేవి, నాట్లు ఎన్నాళ్లు ముందుకు జరపాలి, ఆ నాట్లకు కాలువ నీళ్లు ఎప్పుడు వదలాలి అని? ఊహూఁ. ఎండ మీద ధర్నా చేస్తే టీవీల్లో చూపించరు. ఎండకు ఓటు లేదు. ఎండకు పార్టీ లేదు. తిట్టినా బదులు తిట్టదు. మజా ఏముంటుంది?

దరఖాస్తులో గడి లేదు

ఇప్పుడు అసలు మాయ చూడండి. పంట పోతే సాయం ఉంది కదా అంటారు. ఉంది. విపత్తు నిబంధనల ప్రకారం 33 శాతం, ఆపైన నష్టపోతేనే సాయం. అంటే 32 శాతం పోయిన రైతుకు ఏమీ పోనట్టే. ఎండ ఏం చేస్తుంది? తుఫానులా ఒక్కరోజులో ఊడ్చుకుపోదు. ఈ ఏడు 6 శాతం. ఆ ఏడు 10. మరో ఏడు 8. గప్‌చుప్‌గా గీరుకుంటూ పోతుంది. పన్నెండు, పదమూడేళ్లకు ఒక ఏడాది పంట మొత్తం పోయినంత నష్టం. ఏ ఒక్క ఏడూ 33 దాటలేదు కాబట్టి, రైతు గారూ, మీరు కులాసాగా ఉన్నట్టు రికార్డు.

పోనీ అది విపత్తేనా? 2022లో గోధుమ మాడిన నాడు కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితా తీసి చూడండి. తుఫాను ఉంది. కరువు ఉంది. వడగళ్లు ఉన్నాయి. హిమపాతం ఉంది. చలిగాలి కూడా ఉంది. వడగాలి లేదు! రోహిణి కార్తెలో రోళ్లు పగిలే దేశంలో చలికి సాయం, వేడికి సున్నా. ఈ జాబితా రాసినవారి గదిలో ఏసీ బాగా పనిచేస్తోందని మాత్రం అర్థమవుతోంది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బకు మనిషి చస్తే 4 లక్షలు. మంచిదే. మరి వడదెబ్బకు వరి చస్తే? సమాధానం లేదు. అన్నట్టు, అదే నెల మొదట్లో అదే ప్రభుత్వం పంపిన బుల్డోజర్లు హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్లు కూలుస్తుంటే సుప్రీంకోర్టు అడ్డుపడి ఆపాల్సి వచ్చింది. నెల మొదట్లో నీడ తీసేయడం, నెల గడవక ముందే ఎండను విపత్తనడం. ఎంత పద్ధతి!

బీమా ఉంది కదా? ప్రధానమంత్రి ఫసల్ బీమా, 2016 నుంచి. పరిహారం ఎలా కడతారో తెలుసా? మీ ఊరి గత 7 ఏళ్ల దిగుబడుల్లో మంచి 5 ఏళ్ల సగటు తీస్తారు. అందులో 70, 80 లేదా 90 శాతాన్ని గీతగా పెట్టుకుంటారు. ఊరి దిగుబడి ఆ గీత కిందికి జారితేనే డబ్బు. ఏటా ఎండ దిగుబడిని కొంచెం కొంచెం కిందికి లాగుతుంటే ఏమవుతుంది? సగటూ దిగుతుంది. గీతా దిగుతుంది. రైతు మునుగుతుంటే నీటిమట్టం కొలిచే కర్రనే కిందికి దించుతారన్న మాట. వాతావరణ మార్పుకు దేశంలో అందరికంటే ముందు అలవాటుపడింది వరీ కాదు, రైతూ కాదు. బీమా లెక్క!

అదైనా అందరికీ ఉందా? తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ 2020లో ఆ పథకం నుంచి బయటికొచ్చేశాయి. ఆంధ్ర 2022లో తిరిగి చేరింది. తెలంగాణ రైతు ఏళ్ల తరబడి పంట బీమా లేకుండానే ఎండనూ వాననూ ఎదుర్కొన్నాడు. ధైర్యవంతుడు కదా, బీమా ఎందుకని కాబోలు!

తరుగు పురాణం

చేలో ఎండ తిన్నది పోగా మిగిలింది కళ్లంలోకొస్తుంది. అక్కడ రెండో ఎండ మొదలవుతుంది. వడ్లలో ముడుచుకుపోయిన, పాలు పోసుకోని గింజ నూటికి 3 దాటకూడదు. తేమ నూటికి 17 దాటకూడదు. దాటితే తరుగు. దాటకపోయినా తరుగు. తాలు ఉందని కొంత, మట్టి ఉందని కొంత, తేమ ఉందని కొంత. ఏదీ లేకపోతే మిల్లరు మనసు బాగాలేదని కొంత. క్వింటాలుకు కిలోల్లో కోత. అయ్యా, ఆ తాలు రైతు ఇంట్లో తయారుచేసి కలిపాడా? పూత రోజు ఎండ పెట్టింది. ఆ ఎండకు కారణమైన పొగ ఎవరిది? విమానాల్లో తిరిగేది ఎవరు? పొగ ఒకరిది, తాలు అందరిదీ, తరుగు మాత్రం ఒక్కడికే.

కృష్ణా, గోదావరి డెల్టా రైతుది ఇంకో రకం శిక్ష. సార్వా నవంబరు, డిసెంబరుల్లో కోతకొస్తుంది. వేడెక్కిన బంగాళాఖాతం సరిగ్గా అప్పుడే తుఫానులకు బలం పోస్తుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్ల అంటే మన సాంబ మసూరి పుట్టిన ఊరు. పనలు నీళ్లలో తేలాయి. కంకుల మీదే మొలకలొచ్చాయి. తర్వాత అధికారులొచ్చారు, తేమ మీటరుతో! నీళ్లలోంచి తీసిన వడ్లలో తేమ ఉందో లేదో యంత్రం పెట్టి చూడాలట. సముద్రంలో ఉప్పుందో లేదో కూడా పనిలో పనిగా పరీక్ష చేయించాల్సింది.

తరుగు సంస్కృతి మిల్లుతో ఆగదు. ఎన్నికల ముందు తెలంగాణలో రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 15,000 అన్నారు. 2025 జనవరిలో మొదలుపెట్టేసరికి 12,000 అయింది. నూటికి 20 తరుగు. కౌలు రైతుకూ అంతే ఇస్తామన్నారు. అందులో తరుగు నూటికి నూరు! అంతకు ముందు పదేళ్లు ఏలినవారు కౌలు రైతును రైతుగానే గుర్తించలేదు. భూమి ఉన్నవాడు డాలస్‌లో ఉన్నా రైతుబంధు డబ్బు ఠంచనుగా బ్యాంకులో పడింది. ఎండలో ఉన్నవాడికి ఎండే మిగిలింది. ఆంధ్రలో అన్నదాత సుఖీభవ 20,000. విప్పి చూస్తే అందులో 6,000 ఢిల్లీవి. మరి ఇంతకు ముందు ముఖ్యమంత్రి ఇచ్చిన 13,500? అందులోనూ 6,000 ఢిల్లీవే. పార్టీలు మారతాయి. జెండాలు మారతాయి. తరుగు తీసే చెయ్యి మాత్రం మారదు.

పరిష్కారాల సంత

ఏమీ చేయడం లేదని అనకండి, పాపం తగులుతుంది. చాలా చేస్తున్నారు. ఫోటోలున్నాయి.

2024 ఆగస్టులో ప్రధాని ఢిల్లీ పూసా పొలాల్లో 109 కొత్త వంగడాలు విడుదల చేశారు. వాతావరణాన్ని తట్టుకునేవట. 2025 మేలో మన రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్లు సాంబ మసూరి జన్యువును సవరించి చేసిన ‘కమల’ను ప్రకటించారు. 20 రోజులు ముందే కోతకొస్తుందంటున్నారు. శాస్త్రవేత్తలకు దండం. వాళ్ల మీద కోపం లేదు. అడిగేదల్లా ఒకటే. ఆ విత్తనం మండల కేంద్రంలోని దుకాణానికి ఎప్పుడొస్తుంది? వచ్చినా, పేరు తెలియని రకం వడ్లను మిల్లరు కొంటాడా? కొనకపోతే పూచీ ఎవరిది? విడుదల సభకు వేదిక ఉంది, పూలున్నాయి, మైకుంది. విత్తన సంచికి మాత్రం బస్సు దొరకడం లేదు.

2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. పార్లమెంటులో రాగి, జొన్న వంటకాలతో విందు చేశారు. ‘శ్రీ అన్న’ అని పేరూ పెట్టారు. శ్రీ పెట్టారు సరే, సిరి పెట్టారా? ఎండను తట్టుకునే పంటలు అవే కదా! వరికి ఊరూరా కొనుగోలు కేంద్రం. జొన్న రైతు అడిగితే చూద్దాం. కొర్రలకు, సామలకు, అరికలకు కేంద్రం మద్దతు ధరల జాబితాలో చోటే లేదు. రేషన్ షాపులో బియ్యమే, సంక్షేమ హాస్టల్లో బియ్యమే. స్టార్ హోటల్లో మాత్రం కొర్ర బిర్యానీ. పేదవాడి తిండిని పెద్దవాడి ఫ్యాషన్ చేసి, పేదవాడికి షుగరు వచ్చే తిండి మిగిల్చి, దానికి ఉత్సవం!

ఇంకొకటి వినండి. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే మొక్కలకు మేలే కదా అని వాదించే మేధావులున్నారు. కొంత ఏపుగా పెరుగుతాయి, నిజమే. కానీ ఆ గింజలో మాంసకృత్తులు, జింకు, ఇనుము తగ్గుతున్నాయని పొలాల్లోనే పరీక్షలు పెట్టి చూశారు. మరి మన సర్కారు ఏం చేసింది? ఇనుము కలిపి ఫ్యాక్టరీలో చేసిన గింజలను రేషన్ బియ్యంలో కలిపింది. 2028 దాకా 17,082 కోట్ల ఖర్చని 2024లో లెక్క వేసింది. ఆ గింజలు నీళ్లలో తేలితే ఊళ్లో ఆడవాళ్లు ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేశారు. చిమ్నీతో ఇనుము తీయడం, మెషిన్‌తో ఇనుము పెట్టడం. రెండింటికీ టెండర్లున్నాయి కాబట్టి ఎవరికీ బాధ లేదు.

2023 జులైలో బియ్యం కొరత భయంతో తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు. 2024 సెప్టెంబరులో తెరిచారు. ఆ తర్వాత ఎఫ్‌సీఐ గోదాముల నుంచి 52 లక్షల టన్నుల బియ్యం ఇథనాల్ ఫ్యాక్టరీలకు కేటాయించారు. పెట్రోల్లో కలపడానికి. ఇది పర్యావరణ హితమట. ఒక ఏడు కరువు, మరో ఏడు కారుకు బువ్వ. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ మాకొద్దని 2024 నవంబరులో జనం రోడ్డెక్కారు. బియ్యం తాగే కారు అభివృద్ధి. అన్నం తినే మనిషి అభివృద్ధి నిరోధకుడు.

గడువుల గారడీ

ఇక అంతర్జాతీయ పెద్దమనుషులు. 2015లో పారిస్‌లో ఒట్టేశారు: వేడిని ఒకటిన్నర డిగ్రీ దాటనివ్వకుండా చూస్తామని. 2024లో దాటేసింది. ఒక్క ఏడాది దాటితే ఒట్టు తప్పినట్టు కాదట. ఏళ్ల తరబడి సగటు చూడాలట. బాగుంది. వరికి ఆ సగటుతో పనిలేదు. దానికి పూత పూసిన పది రోజుల పొద్దుటి ఎండతో పని.

2023లో వాతావరణ సదస్సు దుబాయ్‌లో. అధ్యక్షుడు ఎవరు? చమురు కంపెనీ అధినేత. 2024లో బాకూలో. అక్కడి దేశాధ్యక్షుడు చమురు, గ్యాస్ దేవుడిచ్చిన వరమని వేదిక మీదే సెలవిచ్చారు. అమెరికా పారిస్ ఒప్పందంలోంచి రెండుసార్లు లేచిపోయింది. పేద దేశాలకు 2020 నుంచి ఏటా 10,000 కోట్ల డాలర్లు ఇస్తామని 2009లో కోపెన్‌హాగెన్‌లో అన్నారు. ఆ అంకె మొదటిసారి అందింది 2022లో. ఇచ్చినదాంట్లోనూ ఎక్కువ భాగం అప్పులే. ఇల్లు తగలబెట్టి, బక్కెట్ నీళ్లు వడ్డీకిచ్చే ఔదార్యం!

ధనిక దేశాల పాపం ఇది అని మనవాళ్లు అక్కడ గట్టిగానే అంటారు. నిజమే. మా తలసరి పొగ చాలా తక్కువ అంటారు. అదీ నిజమే. కానీ ఆ తలసరి లెక్కలో తల ఎవరిది? ఉపాధి హామీ కూలీది, కౌలు రైతుది. పొగ ఎవరిది? గేటెడ్ కమ్యూనిటీలో మూడు కార్లు, ఐదు ఏసీలు ఉన్నవారిది. పేదవాడి తల అడ్డుపెట్టి పెద్దవాడి పొగ దాచడం దేశభక్తి అయిపోయింది. బాకూలో అమెరికాను అడిగిన ప్రశ్నే జూబ్లీహిల్స్‌ను ఎవరడగాలి?

మరి మన గడువు? 2021లో గ్లాస్గోలో ప్రకటించారు: 2070 నాటికి నెట్ జీరో. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ మాట ఇచ్చినవారిలో 2070లో అడగడానికి ఎవరు మిగులుతారు? వికసిత భారతం 2047. మాటలన్నీ ఇచ్చినవాడి ఆయుష్షు దాటాక చెల్లే చెక్కులే. రైతుకు మాత్రం గడువు ఈ యాసంగి. పెట్టుబడి అప్పు తీర్చాల్సింది ఈ ఉగాదికి. వాయిదా అడిగి చూడమనండి, వడ్డీ వ్యాపారి ఒప్పుకుంటాడేమో!

అందుకే అడగాల్సింది పెద్దగా ఏమీ లేదు. వడగాలికి మాడిన పంటను కేంద్రమే విపత్తు నష్టంగా రాయాలి. 33 శాతం గోడ కూల్చాలి. ఎండతో పాటు కిందికి జారే బీమా గీతను ఒకచోట మేకు కొట్టి నిలపాలి. యాసంగి వడ్లు ఎండకు విరుగుతాయని ఒప్పుకుని, కోతకు ముందే ఉప్పుడు బియ్యం లెక్క తేల్చాలి. జొన్నకూ కొర్రకూ కూడా ఊళ్లో కాంటా పెట్టాలి. సాయం పట్టా ఉన్న చేతికి కాదు, పార ఉన్న చేతికి ఇవ్వాలి. రాకెట్ శాస్త్రం ఒక్కటీ లేదు. రాకెట్లు పంపడం మనకు బాగానే వచ్చు. కాంటా పెట్టడమే రావడం లేదు.

ఇవి చేస్తారా? వచ్చే ఎన్నికల్లో మళ్లీ వస్తారు. మెడలో ఆకుపచ్చ కండువా, చేతిలో వరి కంకి, నోట్లో అన్నదాత. అప్పుడు మీరూ నిబంధన ప్రకారమే నడవండి. మాట తీసుకుని కళ్లంలో పోయండి. గాలికి ఎత్తి తూర్పారబట్టండి. తాలు ఎంతో తూకం వేయండి. పోయినసారి ఇచ్చిన మాటల్లో గింజ కట్టనివి ఎన్నో లెక్కపెట్టండి. రైతు వడ్లకు పెట్టిన హద్దే వాళ్లకూ పెట్టండి, ఒక్క గింజ ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. నూటికి 3 దాటిందా? మొహమాటం లేకుండా లారీ వెనక్కి తిప్పి పంపండి. అన్‌లోడింగ్ ఖర్చు కూడా వాళ్ల దగ్గరే వసూలు చేయండి!